జీపు బాబాయి లీటరు లెక్క

"ఈ బండి లీటరుకి ఎంత ఇస్తుంది?"

కొత్త మోటారు సైకిలు కొన్నవారిని ఎవరైనా మొట్టమొదట అడిగే ప్రశ్న ఇదే. అడిగినవారు వెంటనే జవాబు చెప్పేస్తారు కూడా. అరవై అంటారు, డెబ్బై అంటారు. కాని ఆ అంకె ఎక్కడిదో, ఎవరు కొలిచారో, ఎలా కొలిచారో మీరు ఎప్పుడైనా అడిగి చూశారా? మేము అడిగాం. దాని ఫలితంగా ఒక పాత జీపు ఇనుప సామాన్ల వాడి పాలబడకుండా బతికింది. ఆ కథ వినండి.

మా ఊరు విశాఖ మన్యానికి వెళ్ళే దారిలో, కొండల అడుగున ఉంది. ఇక్కడి నుంచి పైకి వెళ్ళే ఘాటు రోడ్డు వంకరలు తిరుగుతూ పాడేరు చేరుతుంది. పాడేరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది. సంత రోజున మనుషులనూ, పసుపు బస్తాలనూ, మిరియాల మూటలనూ మోసుకుంటూ తిరిగే పాత డీజిల్ జీపు ఒకటి మా ఊళ్ళో ఉంది. దాన్ని నడిపే ఆయనను పిల్లలంతా జీపు బాబాయి అని పిలుస్తారు.

ఒకనాడు సాయంత్రం బడి వదిలే వేళకు ఆయన గేటు దగ్గర దిగులుగా నిలబడి ఉన్నాడు.

"ఏటి చెయ్యను మాస్టారూ! ఒకప్పుడు లీటరుకి పన్నెండు ఇచ్చీది బండి. కొత్త టైర్లు వేయించిన కాడ్నించీ తొమ్మిది కూడా రావట్లేదు. వచ్చిన కిరాయంతా డీజిలుకే పోతంది. పాత ఇనుముకి కొంటామని ఒకడొచ్చాడు, ఇచ్చీమంటారా?"

"ఇరవై రోజులు ఆగండి. మా పిల్లలం లెక్క తేలుస్తాం. ఆ తరువాత మీ ఇష్టం" అన్నాను.

ఆయన తల ఊపాడు. కాని ఆ ముఖం చూస్తే నమ్మకం కలిగినట్టు లేదు.

జీపు పుట్టుక

లెక్కలోకి దిగే ముందు జీపు సంగతి కొంచెం తెలుసుకుందాం. ఇది మొదట సంసారుల కోసం పుట్టిన బండి కాదు. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం 1941 నుంచి వీటిని లక్షల సంఖ్యలో తయారు చేశారు. బురదలోనూ, ఇసుకలోనూ ఆగిపోకుండా ఉండాలని నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఏర్పాటు చేశారు. ఆ విల్లీస్ జీపులో ఉన్నది పెట్రోలు ఇంజను. యుద్ధం ముగిశాక, 1940ల చివరిలో మహీంద్రా సంస్థ బొంబాయిలో జీపులను కూర్చడం మొదలుపెట్టింది. తరువాతి కాలంలో మన దేశపు జీపుల్లో డీజిల్ ఇంజన్లు వచ్చాయి. 1980లలో ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థ సాంకేతిక సహకారంతో తయారైన 2,112 ఘన సెంటీమీటర్ల ఇంజను వాటిలో బాగా పేరు పొందింది.

పెట్రోలు వదిలి డీజిలు ఎందుకు? ఒక కారణం ధర. అప్పట్లో డీజిలు పెట్రోలు కంటె చాలా చౌక. 2014 అక్టోబరులో డీజిలు ధరపై ప్రభుత్వ నియంత్రణ తీసివేశారు. ఇప్పుడు ఆ రెండింటి మధ్య ఒకప్పటంత తేడా లేదు. రెండవ కారణం భౌతికశాస్త్రం. అది మాత్రం మారలేదు.

డీజిలులో ఉన్న కిటుకు

సైకిలు పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం మీకు తెలుసు. గాలిని ఒక్కసారిగా నొక్కితే అది వేడెక్కుతుంది. డీజిల్ ఇంజను పనిచేసేది ఈ సూత్రం మీదనే. సిలిండరులోని గాలిని దాని ఘనపరిమాణంలో ఇంచుమించు 20వ వంతు వరకు నొక్కుతారు. అప్పుడు దాని ఉష్ణోగ్రత 500 డిగ్రీలు దాటిపోతుంది. ఆ వేడి గాలిలోకి డీజిలును సన్నని తుంపరలుగా చిమ్మితే నిప్పురవ్వ అక్కరలేకుండానే మండుతుంది. పాత పెట్రోలు ఇంజన్లలో నొక్కుడు ఏడెనిమిది వంతులకు మించేది కాదు. ఎంత గట్టిగా నొక్కి మండిస్తే, వేడిలో అంత ఎక్కువ భాగం పనిగా మారుతుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరంలో పరీక్షించిన ఇంజను, ఇంధనంలోని శక్తిలో 26 శాతానికి పైగా పనిగా మార్చింది. ఆనాటి ఆవిరి యంత్రాలు చాలావరకు అందులో సగం కూడా ఇచ్చేవి కావు.

ఇంకో సంగతి. డీజిలు పెట్రోలు కంటె చిక్కనిది. అందువల్ల ఒక లీటరు డీజిలులో శక్తి కూడా ఎక్కువ. పెట్రోలు లీటరులో సుమారు 3.2 కోట్ల జౌళ్ళు ఉంటే, డీజిలులో సుమారు 3.6 కోట్ల జౌళ్ళు ఉంటాయి. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, తరువాత పనికి వస్తుంది.

కొలత ఎలా?

పదో తరగతి పిల్లలు నలుగురు, ఎనిమిదో తరగతి అమ్మాయిలు ఇద్దరు ఒక జట్టుగా ఏర్పడ్డారు. "డీజిలు ముల్లు చూసి చెప్పేద్దామండీ" అన్నాడు ఒకడు. ఆ ముల్లు ట్యాంకులో ఇంచుమించు ఎంత ఉందో చెబుతుందే తప్ప లీటర్లు లెక్కపెట్టదు. పైగా బండి ఏటవాలుగా ఆగితే అది మనల్ని మోసం చేస్తుంది.

సరియైన పద్ధతి ఇది. సమతలంగా ఉన్న చోట బండి నిలిపి, ట్యాంకు మెడ వరకు డీజిలు నింపాలి. మీటరు అంకె రాసుకోవాలి. తరువాత మామూలుగా తిరగాలి. మళ్ళీ అదే బంకులో, అదే చోట, మెడ వరకే నింపాలి. ఈ రెండవసారి పట్టినదే మనం వాడిన డీజిలు.

ఒకసారితో ఆపకూడదు. ఎందుకంటే "మెడ వరకు" అనడంలో లీటరు అటూ ఇటూ కావచ్చు. పది లీటర్లలో ఒక లీటరు తప్పు అంటే నూటికి పది. యాభై లీటర్లలో అదే తప్పు నూటికి రెండే. అందుకని మేము మూడుసార్లు నింపించాం. 14.2, 16.8, 15.5 లీటర్లు పట్టాయి. మొత్తం 46.5 లీటర్లు. మీటరు ప్రకారం బండి తిరిగింది 412 కిలోమీటర్లు. భాగిస్తే 8.9 వచ్చింది.

"చెప్పానా!" అన్నాడు బాబాయి.

మీటరుకు కిలోమీటర్లు తెలియవు

అయితే జట్టులో ఒక కుర్రవాడు జీపులో వెళ్తూ రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టాడు. 30 కిలోమీటర్లు నడిచాక మీటరు చూస్తే 28.1 మాత్రమే తిరిగింది! రాళ్ళు తప్పా, మీటరు తప్పా? వాళ్ళ అన్నయ్య ఫోనులో ఉన్న దారి చూపే యంత్రాంగం కూడా రాళ్ళ పక్షమే వహించింది.

ఏం జరిగిందో మీరు ఊహించగలరా?

మీటరు రోడ్డును చూడదు. గేరుపెట్టె వెనుక తిరిగే కడ్డీ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతుంది, అంతే. చక్రం ఒక చుట్టు తిరిగితే ఇంత దూరం అని తయారుచేసినవారు ముందే లెక్కగట్టి పెట్టారు. ఆ లెక్క పాత టైర్లకు సంబంధించినది. బాబాయి వేయించిన టైర్లు పాతవాటికంటె పెద్దవి. బురదలో పట్టు బాగుంటుందని ఎవరో చెబితే వేయించాడట.

అదృష్టం కొద్దీ వెనుక తగిలించిన స్టెప్నీ ఇంకా పాత సైజుదే. పిల్లలు పురికొస తెచ్చి రెండింటి చుట్టుకొలతలు తీశారు. పాతది 226 సెంటీమీటర్లు, కొత్తది 241 సెంటీమీటర్లు. అంటే ఒక్కొక్క చుట్టుకు బండి 15 సెంటీమీటర్లు అదనంగా వెళ్తోంది. ఆ సంగతి మీటరుకు తెలియదు. 241ని 226తో భాగిస్తే 1.066. కనుక మీటరు 412 చూపితే బండి నిజంగా నడిచింది 439 కిలోమీటర్లు. దాన్ని 46.5తో భాగిస్తే 9.4.

చూశారా! బాబాయి పోగొట్టుకున్నాననుకున్న మూడు కిలోమీటర్లలో అర కిలోమీటరు అసలు పోనేలేదు. పురికొసతో దొరికింది.

శక్తి ఎటు పోతోంది?

మిగతాది ఏమైంది? ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. మనుషులతో కలిపి జీపు బరువు 1,800 కిలోగ్రాములు అనుకుందాం. ఇంధనంలోని శక్తిలో అయిదో వంతు చక్రాలకు చేరుతుందనుకుందాం. మిగతాది రేడియేటరు వేడిగా, గొట్టంలో పొగగా, గేర్ల రాపిడిగా పోతుంది. అంటే లీటరుకు మనకు దక్కేది 72 లక్షల జౌళ్ళు.

బండి సమతలమైన తారు రోడ్డు మీద సాగాలంటే రెండు శత్రువులను జయించాలి. మొదటిది టైర్లు నలగడం వల్ల కలిగే దొర్లుడు ఘర్షణ. అది బరువులో సుమారు 0.02 వంతు అనుకుంటే 353 న్యూటన్లు. వేగం మారినా ఇది పెద్దగా మారదు. రెండవది గాలి. జీపు ఆకారం చూడండి, బీరువాను రోడ్డు మీద తోసుకువెళ్ళినట్టు ఉంటుంది. గాలి నిరోధం వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. జీపు లాంటి ఆకారానికి లెక్క వేస్తే గంటకు 40 కిలోమీటర్ల వేగంలో సుమారు 111 న్యూటన్లు. 80 కిలోమీటర్ల వేగంలో దానికి నాలుగు రెట్లు, అంటే 444.

బలాన్ని దూరంతో గుణిస్తే పని. 40 వేగంలో మొత్తం బలం 464 న్యూటన్లు. కిలోమీటరుకు 4,64,000 జౌళ్ళు. 72 లక్షలను దీనితో భాగిస్తే లీటరుకు 15.5 కిలోమీటర్లు. 80 వేగంలో మొత్తం 797 న్యూటన్లు. అప్పుడు వచ్చేది 9 కిలోమీటర్లే! బండి అదే, డీజిలు అదే, రోడ్డూ అదే. మారింది డ్రైవరు కుడికాలు మాత్రమే.

ఇక ఘాటు సంగతి. 1,800 కిలోగ్రాములను 850 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి కావలసిన పని సుమారు 1.5 కోట్ల జౌళ్ళు. అంటే కొండ ఎక్కినందుకే రెండు లీటర్లకు పైగా డీజిలు అదనం. దిగేటప్పుడు అది తిరిగి వస్తుందా? రాదు. చాలావరకు బ్రేకు డ్రమ్ముల వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. డీజిలు ఆదా అవుతుందని కొందరు ఘాటులో గేరు తీసేసి, న్యూట్రల్‌లో దిగుతుంటారు. అది ప్రాణాలతో చెలగాటం. గేరులో ఉంటే ఇంజనే బండిని నిలువరిస్తుంది. గేరు తీస్తే భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి.

నాలుగు చక్రాల ఖరీదు

నాలుగు చక్రాలకూ బలం ఇవ్వడం ఊరికే రాదు. గేరుపెట్టె వెంట మరో గేరుపెట్టె, ముందుకు ఒక కడ్డీ, ముందు ఇరుసులో మరిన్ని పళ్ళ చక్రాలు కావాలి. ఇవన్నీ బరువే. ముందు చక్రాలకు బలం ఇవ్వకపోయినా, వాటిని విడదీసే ఏర్పాటు లేని బండిలో చక్రాలతో పాటు ఆ కడ్డీ, పళ్ళ చక్రాలూ వృథాగా తిరుగుతూనే ఉంటాయి. చిక్కటి నూనెను చిలుకుతూనే ఉంటాయి. ఆ చిలకడానికీ డీజిలే ఖర్చు.

పొడి తారు రోడ్డు మీద "ఫోర్ వీల్" వేసి నడిపితే ఇంకా నష్టం. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనుక చక్రాల కంటె పెద్ద వలయంలో ప్రయాణిస్తాయి. నేల మీద నీళ్ళు చల్లి చక్రాల జాడలు చూస్తే ఇది మీకే కనబడుతుంది. కాని పాత జీపులో ఫోర్ వీల్ వేస్తే ముందు, వెనుక కడ్డీలు ఒకే వేగంతో తిరిగి తీరాలి. ఎవరో ఒకరు జారాలి. బురదలో సులభంగా జారుతాయి. తారు మీద టైరు అరుగుతుంది, పళ్ళ చక్రాలు మూలుగుతాయి, డీజిలు ఖర్చవుతుంది. బాబాయి ఈ విషయంలో ఘటికుడే. బురద దాటగానే ఫోర్ వీల్ తీసేస్తాడు.

మాస్టారి తప్పు

సగటు గురించి పాఠం చెబుతూ నేనొక లెక్క ఇచ్చాను. 30 కిలోమీటర్లు కొండ ఎక్కేటప్పుడు లీటరుకు 6, అదే దారిలో దిగేటప్పుడు 15 వచ్చిందనుకుందాం. మొత్తం మీద ఎంత? రెండూ కలిపి సగం చేసి బోర్డు మీద 10.5 అని రాశాను.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె లేచింది. "మాస్టారూ, ఎక్కడానికి 5 లీటర్లు, దిగడానికి 2 లీటర్లు. మొత్తం 7 లీటర్లు. 60ని 7తో భాగిస్తే 8.6 కదండీ!" అంది.

బోర్డు తుడిచి 8.6 అని దిద్దాను. ముప్ఫై ఏళ్ళ సర్వీసున్నా తప్పు తప్పే. మొత్తం దూరాన్ని మొత్తం ఇంధనంతో భాగించాలే గాని, మైలేజీలను కలిపి సగం చేయకూడదు. ఎక్కువ డీజిలు తాగే భాగానిదే పైచేయి అవుతుంది. మీ పరీక్షల్లో సగటు వేగం లెక్క వచ్చినప్పుడు కూడా ఈ సంగతి మరచిపోకండి.

రోగం దొరికింది

తరువాతి ఆదివారం మెకానిక్కును వెంటపెట్టుకుని బండిని పరీక్షించాం. మూడు సంగతులు బయటపడ్డాయి. గాలిని వడకట్టే పాత్రలో నూనె బురదలా గడ్డకట్టింది. గాలి చాలకపోతే డీజిలు పూర్తిగా మండదు, నల్లని పొగగా బయటికి పోతుంది. ఆ పొగలో మసి అంతా మనం డబ్బు పెట్టి కొన్న ఇంధనమే. రెండవది, రెండు టైర్లలో గాలి తక్కువగా ఉంది. మెత్తని టైరు ఎక్కువ నలుగుతుంది, దొర్లుడు ఘర్షణ పెరుగుతుంది. మూడవది అసలు దొంగ. పది కిలోమీటర్లు బ్రేకు ఎక్కువ వాడకుండా నడిపి ఆపాక, చక్రాల దగ్గర చేయి పెట్టి చూశాం. మూడు చల్లగా ఉన్నాయి. ముందు ఎడమ చక్రం డ్రమ్ము దగ్గర సెగ కొట్టింది. బ్రేకు వదిలినా అక్కడ పూర్తిగా వదలడం లేదు. బాబాయి ఇన్నాళ్ళూ బ్రేకు తొక్కుకుంటూ కొండ ఎక్కుతున్నాడన్నమాట!

అవన్నీ బాగుచేయించి మళ్ళీ కొలిచాం. మీటరు 425 చూపింది, అంటే నిజంగా 453 కిలోమీటర్లు. పట్టిన డీజిలు 41.6 లీటర్లు. లీటరుకు 10.9!

బాబాయి నెలకు సుమారు 1,200 కిలోమీటర్లు తిరుగుతాడు. 9.4 చొప్పున 127 లీటర్లు పట్టేది. ఇప్పుడు 110 చాలు. నెలకు 17 లీటర్లు మిగులు.

మరి పన్నెండు?

"అంతా బాగానే ఉంది గాని మాస్టారూ, పన్నెండు రాలేదు కదా" అన్నాడు బాబాయి.

"ఆ పన్నెండు ఎప్పుడు కొలిచారండీ?" అని అడిగాను.

ఆయన కాసేపు ఆలోచించాడు. బండి కొన్న కొత్తలో ఒక పెళ్ళివారిని పట్నం తీసుకువెళ్ళాడట. సమతలమైన రోడ్డు. పెళ్ళికూతురు ఉందని మెల్లగా నడిపాడట. ఆ ఒక్క రోజు వచ్చిన అంకెను ఇన్నేళ్ళూ మనసులో పెట్టుకున్నాడు. మేము అలాగే కింది రోడ్డు మీద, 45 వేగం దాటకుండా ఒకరోజు నడిపించి చూశాం. 12.3 వచ్చింది. బాబాయి అబద్ధం చెప్పలేదు. అది ఆ రోడ్డుకు చెందిన నిజం. 10.9 కొండదారికి చెందిన నిజం.

కంపెనీలు ప్రకటించే అంకె కూడా ఇలాంటిదే. 1966లో ఏర్పడిన పుణేలోని వాహన పరిశోధన సంస్థ వంటి చోట్ల బండిని రోలర్ల మీద నిలబెట్టి, ముందే నిర్ణయించిన వేగాలతో నడిపి కొలుస్తారు. అక్కడ గుంతలు లేవు, ఘాటు లేదు, పసుపు బస్తాలు లేవు. రెండు బండ్లను పోల్చి చూడడానికి ఆ అంకె ఎంతో ఉపయోగం. కాని అది మీ ఊరి రోడ్డు గురించి ఏమీ చెప్పదు.

ఒక్క మాట దాచకూడదు. మైలేజీ బాగున్నంత మాత్రాన పాత డీజిలు బండి మంచిదైపోదు. ఒక లీటరు డీజిలు మండితే సుమారు 2.7 కిలోగ్రాముల కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. డీజిలు పొగ మనుషులకు క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం 2012లో ప్రకటించింది. మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న కొత్త బండ్లకు పొగ విషయంలో కఠినమైన నియమాలున్నాయి. పాత జీపులో ఆ ఏర్పాట్లు లేవు. ఏదో ఒకనాడు దానికీ విశ్రాంతి ఇవ్వక తప్పదు. ఈ మాట బాబాయికి కూడా చెప్పాను. "మా చిన్నోడి చదువయ్యీ దాకా నడిపిస్తాను మాస్టారూ" అన్నాడు. నల్లపొగ తగ్గింది కనుక అప్పటివరకు సంతలో మనుషులకు కొంత మేలే.

మీరూ చేసి చూడండి

మీ ఇంట్లో మోటారు సైకిలు ఉందా? ఊళ్ళో ట్రాక్టరు, ఆటో ఉన్నాయా? ఒక నోటుపుస్తకం తీసుకుని నాలుగు గళ్ళు గీయండి. తేదీ, మీటరు అంకె, పట్టిన లీటర్లు, ఏ దారిలో తిరిగిందో రాయండి. కనీసం మూడుసార్లు ట్యాంకు నింపేదాకా జవాబు చెప్పకండి. కిలోమీటరు రాళ్ళతో మీటరును సరిచూడండి. తరువాత టైర్లలో గాలి సరిచేయించి మళ్ళీ కొలవండి. వచ్చిన తేడాను మీ ఇంట్లో వారికి లీటర్లలో చెప్పండి.

జీపు బాబాయి డాష్‌బోర్డు మీద ఇప్పుడు అలాంటి నోటుపుస్తకం ఒకటి ఉంది. పాత ఇనుము వాడు మళ్ళీ వచ్చాడట. బాబాయి ఆ పుస్తకం తెరిచి చూపించి పంపేశాడట.